ఇంటిల్లిపాదితో సింహళయాత్ర



ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని పరదేశమునకు పోయి వచ్చినవానిని లోకులు రెండు ప్రశ్నలు అడుగుదురు. "ఏమేమి చూచితిరి?" అనునది మొదటిది. "ఎంత వ్యయమైనది?" అనునది రెండవది. మూడవ ప్రశ్న యొకటి కలదు. "ముసలివారిని అంత దూరము తీసికొనిపోవుట తగునా?" అనునదియే ఆ ప్రశ్న. దీనిని మనస్సులో అనుకొనువారే కాని పైకి అడుగువారు అరుదు. ముఖ్యముగా ఊరి పెద్దలు ఇట్టి మాట వచ్చినప్పుడు, "మాకెందుకు నాయనా, మీరు పోయి రండు" అని తప్పించుకొందురు. నేటి నా ప్రసంగము చాలవరకు ఆ మూడవ ప్రశ్నను గూర్చియే.

మాది కడప మండలమున పోరుమామిళ్లకు చేరువనున్న ఒక పల్లె. పోరుమామిళ్ల చెఱువును మీలో పెక్కురు విని యుందురు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో దానిని కట్టించెను. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను వివరించు శాసనము అచ్చట కలదు. మా తండ్రిగారు చెఱువు నీటిని నమ్ముకొని సేద్యము చేసినవారు. సింహళద్వీపమున పదునైదువందల యేండ్లనాటివి, రెండువేల యేండ్లనాటివి యగు చెఱువులు నేటికిని పైరులకు నీరిచ్చుచున్నవని ఎవరో చెప్పగా విని, "ఏ ఊరు చూడకపోయినను సరే, ఆ చెఱువులలో ఒక్కటి చూచిన చాలును" అనిరి. మా యాత్రకు బీజమదియే.

2024వ సంవత్సరము జనవరి నెలలో, సంక్రాంతి వెళ్లిన అయిదవ నాడు, మేము ఆరుగురము చెన్నపట్టణమున విమానమెక్కితిమి. మా తండ్రిగారికి అప్పటికి డెబ్బదినాలుగేండ్లు, తల్లికి అరువదితొమ్మిది. తక్కినవారము నేను, నా భార్య, పండ్రెండేండ్ల మా అమ్మాయి, తొమ్మిదేండ్ల అబ్బాయి. ఎవరి కోరిక వారికి కలదు. తండ్రిగారికి చెఱువు. తల్లికి అనురాధపురములోని బోధివృక్షము. నా భార్యకు తేయాకు తోటలుండు నువర ఎలియ కొండలు. పిల్లలకు సిగిరియ అను పెద్ద కొండ. నాకు కొండలమీదుగా పోవు రైలు. ఉన్నవి ఎనిమిది దినములు.

విమానము గంటన్నర లోపలనే కొలంబో చేరెను. "మన ఊరినుండి కడపకు పోవు బస్సు ఇంతకన్న ఎక్కువసేపు పట్టునే!" అని మా తండ్రిగారు ఆశ్చర్యపడిరి. అచ్చటి కాలమానమును మన కాలమానమును ఒక్కటియే గనుక గడియారము త్రిప్పవలసిన పని కూడ లేకపోయెను. వీధులలో కొబ్బరిచెట్లు, అరటిగెలలు, పూలమాలలు చూచి మా తల్లి "ఇది పరదేశమువలె లేదు" అనెను. భోజనమునకు కూర్చున్నప్పుడు మాత్రము అది పరదేశమని తెలిసివచ్చెను. ఆమె చేపలు ముట్టదు. ఆ దేశమున ఎండిన మాల్దీవు చేపను పొడిచేసి, కొబ్బరి పచ్చడిలోను, కాయగూరలలోను సైతము రుచికై కలుపుదురు. అడిగి తెలిసికొనకయే ఏదియు తినుటకు వీలులేదు. మొదటి రెండు దినములు మా తల్లి అన్నము, పప్పు, అరటిపండ్లతో కాలము గడిపెను. తరువాత మట్టిమూకుడులలో తోడుపెట్టిన గేదెపెరుగును, దానిపై పోసికొను జీలుగచెట్టు పాకమును దొరకినవి. తండ్రిగారు రెండు మూకుడులు తిని, "ఇట్టి పెరుగు ఉండగా వేరొక కూరతో పనియేమి?" అనిరి.

మరునాడు రైలులో క్యాండీకి పోయితిమి. ఈ రైలుమార్గము 1867లో పూర్తియైనది. బల్లపరుపు పొలములు దాటిన పిమ్మట బండి మెల్లగా కొండల నెక్కును. ఒక వైపున రాతిగోడ, వేరొక వైపున లోయ, లోయలో మెట్టుమెట్లుగా వరిమళ్లు. నా కోరిక ఆ విధముగా మొదటనే తీరెను. మా అబ్బాయి కిటికీ విడువలేదు. తండ్రిగారు మాత్రము కన్నులు మూసికొని మౌనముగా కూర్చుండిరి. నిద్రయనుకొంటిమి.

సాయంకాలము దంతధాతు మందిరము చూచి బసకు వచ్చుసరికి ఆయన ఒడలు కాలిపోవుచుండెను. రైలెక్కిన నాటినుండియే వెచ్చగా నున్నదట. "చెప్పినచో మీ యాత్ర చెడునని ఊరకుంటిని" అనిరి. ఆ రాత్రి మేమెవరమును నిద్రపోలేదు. పరదేశము, తెలియని భాష, డెబ్బదినాలుగేండ్ల వానికి జ్వరము. ఆ ద్వీపమున డెంగీ జ్వరము తరచుగా కనబడునని వినియుంటిమి. మా తల్లి తలగడ ప్రక్క కూర్చుండి, ఎవరితోను మాటలాడక, తడిగుడ్డ మార్చుచుండెను.

తెల్లవారగనే వైద్యుని యొద్దకు తీసికొనిపోయితిమి. ఆయన నెత్తురు పరీక్ష చేయించి, డెంగీ కాదని చెప్పి, రెండు దినములు కదలరాదని, నీరు బాగుగా త్రాగవలెనని, మూడవనాటి ఉదయము మరల చూపించి గాని ప్రయాణము చేయరాదని శాసించెను. ప్రాణము కుదుటపడెను. కాని బసకు తిరిగి వచ్చునప్పటికి వేరొక చిక్కు సిద్ధముగా నుండెను. జ్వరమని తెలిసిన బసయజమాని, తక్కిన అతిథులు భయపడుదురని, మధ్యాహ్నము లోపల గదులు ఖాళీ చేయవలెనని చెప్పెను. ముందుగా చెల్లించిన సొమ్మును సగమే తిరిగి ఇచ్చెను. వాదించుటకు అది సమయము కాదు.

ఆ వీధి చివర ఇంటిలో రెండు గదులు అద్దెకిచ్చు వృద్ధురాలొకతె యుండెను. ఆమెకు సింహళమే గాని వేరు భాష రాదు. మేము మా తండ్రిగారిని చూపి సైగ చేయగా, ఆమె నుదుట చేయిపెట్టి చూచి, మారుమాటలేక తలుపు తెరచెను. కొంతసేపటికి గిన్నెతో కషాయము తెచ్చెను. మా తల్లి వాసన చూచి, "ధనియాలు, అల్లము!" అనెను. ఆ వృద్ధురాలు "కొత్తమల్లి" అనెను. మన కొత్తిమీరకు అరవములోను ఆ పేరే గనుక మా తల్లికి వెంటనే తెలిసెను. ఆ దేశమున జలుబునకు, జ్వరమునకు ఇంటింటను ఇచ్చు మందు అదియే. అది మొదలు ఆ స్త్రీలిద్దరును ఒకరి భాష ఒకరికి రాకయే రెండు దినములు వంటయింట మాటలాడుకొనిరి. ఏమి మాటలాడుకొనిరో మా తల్లి ఇప్పటికిని పూర్తిగా చెప్పును. ఎట్లు తెలిసినదని అడిగినచో, "వంటయింట తెలియక పోవుటకేమున్నది?" అనును. ఆ ఇంటి వంటలో చేప పడలేదు.

జ్వరము రెండవనాటి రాత్రి తగ్గెను. ఆ రెండు దినములలో నేనును పిల్లలును క్యాండీ సరస్సు చుట్టును తిరిగితిమి. దానిని త్రవ్వించినవాడు క్యాండీ రాజ్యమేలిన కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. 1739 మొదలుకొని క్యాండీ నేలిన కడపటి నలుగురు రాజులును మధుర నుండి వచ్చిన నాయక వంశీయులు, తెలుగు మూలము గలవారు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, ఆ ద్వీపమున క్షీణించిన బౌద్ధసంఘమును తిరిగి నిలబెట్టెను. 1815లో ఆంగ్లేయులు రాజ్యమును గైకొని శ్రీవిక్రమ రాజసింహుని మన వేలూరు కోటకు బందీగా పంపిరి. ఆయన 1832లో అచ్చటనే మరణించెను. సరస్సు అచ్చట, సమాధి ఇచ్చట. మా అమ్మాయి ఇది విని, "ఆయన మరల ఈ నీటిని చూడనే లేదా?" అని అడిగెను. లేదని చెప్పితిని.

నువర ఎలియ కొండలకు పోవలసిన దినములు జ్వరమునకు చెల్లిపోయెను. నా భార్య కోరిక తీరలేదు. మిగిలిన దినములలో ఏమి చేయవలెనను మాట మూడవనాటి రాత్రి వచ్చెను. వెంటనే తిరిగి పోవుదమని నా భార్య. వైద్యుడు సరేయన్న పిమ్మట తిరిగిపోవుట యెందుకని నేను. మాటకు మాట పెరిగెను. అప్పుడు మంచముమీదనుండి మా తండ్రిగారు లేచి కూర్చుండి, "నా వలన రెండు దినములు పోయినవి. మూడవ దినము కూడ నా పేరనే వ్రాయకుడు. రేపు పిల్లల కొండకు పోవలెను. చెఱువును నేను మన ఊరను చూచితిని. అట్టి కొండ మన ఊర లేదు" అనిరి. వైద్యుని చూచి బయలుదేరువేళకు పది గంటలగును. ఒక్క పగటిలో సిగిరియ కొండయు, కలావెవ చెఱువును రెండును చూచుట దుర్ఘటమని మాకందరకును తెలియును. ఆయనకును తెలియును. ఎవరమును మారు పలుకలేదు.

సిగిరియ అడవి నడుమ ఒంటిగా నిలిచిన శిల. నేలనుండి దాదాపు ఆరువందల అడుగుల ఎత్తు. అయిదవ శతాబ్దమున కాశ్యపుడను రాజు దాని శిఖరమున నగరు కట్టుకొనెను. పైకి సుమారు పండ్రెండువందల మెట్లు. మా తండ్రిగారును తల్లియు క్రింద చెట్టునీడను కూర్చుండిరి. మేము నలుగురము ఎక్కితిమి. నడిమిదారిలో శిలమీద చిత్రించిన స్త్రీల రూపములు నేటికిని రంగు చెడక యున్నవి. ఇంకను పైన ఇటుకలతో కట్టిన పెద్ద సింహపు పాదములు రెండు. ఆ పాదముల నడుమనుండి మెట్లు. కందిరీగలు కలవు, సద్దు చేయకుడని పలకలు వ్రాసి పెట్టియున్నవి. గాలి వేగమునకు మా అబ్బాయి భయపడి నా నడుము పట్టుకొనెను. శిఖరమున రాతిలో తొలిచిన కోనేరొకటి కలదు. చుట్టును పచ్చని అడవి, నడుమ అక్కడక్కడ వెండిరేకులవలె చెఱువులు.

మేము దిగివచ్చునప్పటికి మా తండ్రిగారు చెట్టునీడను లేరు. గుండె జల్లుమనెను. వెదకగా, కొండ పాదమున రాజు వేయించిన తోటలో నీటికాలువ గట్టున వంగి కూర్చుండి యుండిరి. ఆ తోటలో రంధ్రములుగల గుండ్రని రాతిపలకలు నేలలో అమర్చబడియున్నవి. ఎత్తుననున్న కొలనులనుండి నేలలోపలి కాలువలద్వారా నీరు దిగివచ్చి, తన బరువుచేతనే ఆ రంధ్రములగుండ పైకి చిమ్మును. పదునైదు శతాబ్దములు గడచినను, వానలు మెండుగా కురిసినప్పుడు అవి నేటికిని పనిచేయును. ఆ యేడు వానలు బాగుగా కురిసినవి. జానెడెత్తు నీరు చిమ్ముచుండగా చూచుచు మా తండ్రిగారు నన్ను పిలిచి, "చూచితివా? ఇంజను లేదు, విద్యుత్తు లేదు. పల్లమెరిగినవాడు కట్టినాడు" అనిరి. జ్వరము వచ్చిన తరువాత ఆయన ముఖమున కళ కనబడుట అదియే మొదలు.

బండి అనురాధపురము వైపు సాగెను. దారిలో మా అమ్మాయి క్యాండీలో కొన్న పుస్తకమునుండి కాశ్యపుని కథను తాతకు చెప్పసాగెను. కాశ్యపుని తండ్రి ధాతుసేన మహారాజు. కలావెవ యను మహా తటాకమును కట్టించినవాడు. కుమారుడు రాజ్యమపహరించి, తండ్రిని బంధించి, దాచిన ధనమెచ్చట చూపుమని పీడించెను. ధాతుసేనుడు చెఱువునొద్దకు తీసికొనిపొమ్మని కోరి, అందు స్నానముచేసి, దోసిట నీరు పట్టి, తన ధనమంతయు ఇదియేయని చూపెనట. కుమారుడు కోపించి తండ్రిని చంపించెను. పిమ్మట భయముచేత ఆ శిలపై కోట కట్టుకొని దాగెను. పదునెనిమిదేండ్లకు భారతదేశమునుండి సేనతో తిరిగివచ్చిన తమ్ముని చేతిలో ఓడి, తన కత్తితోనే ప్రాణము తీసికొనెనని సింహళ చరిత్ర చెప్పును.

బండి నడుపు యువకుడు సింహళీయుడు. అరవము కొంచెము తెలిసినవాడు. మా తెలుగు అతనికి తెలియదు. కాని ధాతుసేన, కలావెవ అను పేర్లు ఏ భాషలోనైనను ఒక్కటియే గదా. అతడు వెనుకకు తిరిగి, మా తండ్రిగారిని చూపి, అరవములో "తాత రైతా?" అని అడిగెను. అవునంటిని. "మా నాయనయు రైతే" అని మాత్రమే పలికి, పెద్దబాట విడిచి ఎడమవైపునకు బండి మళ్లించెను.

సూర్యుడస్తమించుటకు కొంచెము ముందు కలావెవ కట్టమీద నిలిచితిమి. కట్ట పొడవు మూడు మైళ్లకు పైమాటయే. చెఱువు నిండి, ఎదుటి ఒడ్డు కనబడక, ఎఱ్ఱని వెలుగులో సముద్రమువలె నుండెను. కట్ట లోపలివైపున అలలకు చెదరకుండ రాతి కట్టుబడి. ఇచ్చటినుండి అనురాధపురములోని తిస్సవెవకు యాబదినాలుగు మైళ్ల కాలువ కలదు. దానిలో మొదటి పదునేడు మైళ్లలో వాలు మైలునకు ఆరంగుళములు మాత్రమే. ఈ లెక్కను నేను చెప్పగా మా తండ్రిగారు నమ్మలేదు. "మైలునకా? గజమునకా?" అని రెండుమారులు అడిగిరి. మైలునకే యని తెలిసిన పిమ్మట చాలసేపు మాటలాడలేదు. మా అబ్బాయి చేయి పట్టుకొని మెల్లగా నీటియొద్దకు దిగి, దోసిట నీరు తీసికొని కన్నుల కద్దుకొనిరి.

పాడుపడిన ఈ చెఱువును 1887లో తిరిగి బాగుచేసిరి. ఆ దేశపు చెఱువులలో తూమునకు ముందు కట్టలోనే బావివంటి రాతి తొట్టి యొకటి కట్టుదురు. దానిని బిసోకొటువ యందురు. లోతునీటి ఒత్తిడి దానిలో తగ్గుటచేత తూము పగులదు, కట్ట కోసికొనిపోదు. ఒక చెఱువు మిగులునీరు క్రింది చెఱువునకు, దాని మిగులు ఇంకను క్రిందిదానికి పోవునట్లు గొలుసుగా చెఱువులను అమర్చిరి. ఈ ఏర్పాటును 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించెను. మన రాయలసీమలోను గొలుసు చెఱువులు కలవు. వానిలో ఎన్ని పూడినవో ఎన్నిటి కాలువలు చెడినవో మీకు నాకన్న బాగుగా తెలియును. మా తండ్రిగారు కట్టనెక్కుచు అనిన మాట యిది: "వీరు రాజులు పోయినను చెఱువును పోనీయలేదు." చీకటిపడినచో ఏనుగులు వచ్చునని బండివాడు తొందరచేయగా కదలితిమి. అతనికి అదనముగా సొమ్మియ్యబోగా పుచ్చుకొనలేదు.

మరునాడు పుష్యపున్నమి. సింహళమున ప్రతి పున్నమియు సెలవుదినము, ఉపోషదినము. అనురాధపురమున వేలాది జనులు తెల్లని వస్త్రములు ధరించి, తామరపూలు చేతబట్టి, బోధివృక్షమునకు పోవుచుండిరి. అశోకుని కుమార్తె సంఘమిత్ర క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున గయనుండి తెచ్చిన కొమ్మ అని దానిని పూజింతురు. మా తల్లి అచ్చట గంటసేపు కన్నులు మూసికొని కూర్చుండెను. ద్వారముకడ సంచులు తనిఖీ చేయుటచూచి, పుణ్యక్షేత్రమున ఇదియేమని తండ్రిగారు అడిగిరి. 1983 మొదలు 2009 వరకు ఆ ద్వీపమున అంతర్యుద్ధము సాగెను. 1985 మే నెలలో ఆ పట్టణముననే, ఆ చెట్టునొద్దను సైతము, నూటికి మించిన యాత్రికులును పౌరులును కాల్చి చంపబడిరి. యుద్ధము ముగియులోపల తమిళులును సింహళీయులును వేలకువేలుగా నశించిరి. మాకు కషాయమిచ్చిన చేతులును, బండి మళ్లించిన చేతులును ఆ కాలమును గడచి వచ్చినవే యని తలచుకొన్నప్పుడు నాకు మాట రాలేదు.

ఆ సంతలో వేరొక వింత జరిగెను. మా తల్లి మనుమని "ఒరేయ్, ఇటు రా!" అని కేకవేయగా, చెట్టుక్రింద హస్తరేఖలు చూచుచున్న స్త్రీ యొకతె తటాలున లేచి మావైపు వచ్చి, "ఏ ఊరు మీది?" అని అడిగెను. అది తెలుగు! ఉచ్చారణ వేరు, నడుమ సింహళపు మాటలు, కాని తెలుగే. వారిని అహికుంటకులందురు. పాములాడించుట, సోదె చెప్పుట వారి కులవృత్తి. ఎన్నో తరములనుండి ఆ ద్వీపమున నుండియు ఇండ్లలో తెలుగే మాటలాడుకొందురు. ఆమె మన దేశమును ఎన్నడును చూడలేదు. మా తల్లి చేయి పట్టుకొని, రేఖలు చూడకయే, "నీకు మంచియే జరుగును" అనెను. సొమ్ము మాత్రము పుచ్చుకొనెను. అది ఆమె వృత్తిగదా!

ఇక మూడవ ప్రశ్నకు వత్తము. ముసలివారిని తీసికొనిపోవుట తగునా? మా యాత్రలో రెండు దినములును, కొంత సొమ్మును, ఒక కోరికయు పోయినవి. నా భార్య నువర ఎలియను ఇంకను చూడలేదు. ఆ మాట వచ్చినప్పుడెల్ల మా తండ్రిగారు తలవంచుకొందురు. ఆమె మాట మార్చును. ఇది నష్టముకాదని నేను చెప్పను. కాని ఆ జ్వరము రాకున్నచో మేము ఒక బసనుండి వేరొక బసకు పరుగెత్తి, ఆ వృద్ధురాలి ఇంటి గడప తొక్కకయే తిరిగి వచ్చియుందుము. మా తండ్రిగారు లేకున్నచో ఆ బండివాడు బాట మళ్లించి యుండడు. మేము సిగిరియలో శిలను మాత్రమే చూచి, దాని పాదమున నీరెట్లు చిమ్మునో చూడక వచ్చియుందుము.

పెద్దలారా! మీకు రెండు మాటలు మనవి చేసికొందును. బిడ్డలు యాత్రకు పిలిచినప్పుడు, మోకాళ్లు సాగుచుండగనే పొండు. మీరు ఏది చూడగోరుదురో స్పష్టముగా చెప్పుడు, మొగమాటపడకుడు. ఒడలు వెచ్చబడినచో ఆ నిమిషముననే చెప్పుడు. మీరు దాచిన జ్వరము యాత్రను రక్షింపదు. ఇంటివారి నిద్రను చెఱచును. నిత్యము వాడు మందులు రెట్టింపు తీసికొనిపొండు, వైద్యుని చీటి వెంటనుంచుకొనుడు.

బిడ్డలకు చెప్పవలసినది ఒక్కటియే. ఎనిమిది దినముల యాత్రలో ఆరు దినములకే పని ఏర్పరచుకొనుడు. తక్కిన రెండింటిని ఖాళీగా విడువుడు. అవి జ్వరమునకు పోవచ్చును, వానకు పోవచ్చును. ఏమియు రానిచో ఏ చెఱువుగట్టుననో మీ తండ్రి ప్రక్కన కూర్చుండుటకు పనికివచ్చును.